గీతలైపోయిన అక్షరాలు

చేతిసంచి ఇంకా భుజానే ఉంది. ఆమె ఒంగి, బల్ల కింద ఉన్న కంప్యూటరు పెట్టెకి అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న సన్నని వణుకు అరచేతిలోకి పాకింది. అప్పుడు సంచి దించి కుర్చీకి తగిలించింది.

“జ్వరం ఎంతుంది?” అన్నారు మాస్టారు, ఎదుటి బల్ల మీది కాగితంలోంచి తల ఎత్తకుండానే.

“అలాగే ఉందండీ.”

“ఉండాలిగా మరి. తగ్గితేనే కదా మనకి కంగారు.”

ఆమె నవ్వలేదు. తెర మీద దుమ్ము లేకపోయినా చీర చెంగుతో ఒకసారి తుడిచింది. ఆ కంప్యూటరును ఆపకుండా నడపబట్టి నేటికి పదకొండు రోజులు. ఆపితే మళ్ళీ లేవదేమోనని భయం. రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు తెర మాత్రం ఆర్పి, పెట్టెను నడుస్తూ ఉండనిచ్చి, పొద్దున్న వచ్చి ఇలా చెయ్యి పెట్టి చూసుకుంటోంది.

అది మందుల లేబుళ్ళు, అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సు. వెనకవైపు గదిలో రెండు బల్లలు. ఒకటి ఆమెది, ఒకటి ప్రూఫులు దిద్దే మాస్టారిది. గోడ అవతల యంత్రాలు నడుస్తుంటే గ్లాసులో మంచినీళ్ళు వలయాలు వలయాలుగా వణుకుతాయి. ఆమెకు యాభై మూడేళ్ళు. మౌసు పట్టీ పట్టీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు నొక్కిన గుంటలు, జోడు తీసినా పోవు. తెర చూసీ చూసీ ఎండిన కళ్ళలో వేసుకునే చుక్కల సీసా తెర వెనకే ఉంటుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ కీబోర్డు మూలనే ఉంటుంది. గీత గీసినా, అక్షరం మార్చినా, ఏమీ చెయ్యకపోయినా సరే, ఆ చేతి వేళ్ళు రెండు నిమిషానికోసారి వంగి సేవ్ నొక్కుతాయి. కరెంటు పోయి ఒక మధ్యాహ్నం పనంతా పోగొట్టుకున్న నాటి నుంచీ పట్టుకున్న అలవాటు. నిద్రలో దుప్పటి మీద కూడా నొక్కుతుందని భర్త చెబుతాడు.

ఆయన చెప్పుల దుకాణంలో సేల్స్‌మన్. రోజంతా ఊళ్ళోవాళ్ళ పాదాలు కొలిచి వచ్చి, ఇంట్లో మాత్రం మాటలు విసురుతాడు. ఈ పొద్దున కూడా గుమ్మంలో అన్నాడు: “తాళం వేశానా అని అడగొద్దు. వేశాను. నువ్వు లాగి చూశావు. నేను లాగి చూశాను. ఇంకోసారి లాగితే అదే విసుగొచ్చి ఊడొస్తుంది.”

చిన్నప్పటి నుంచీ అంతే. ఇల్లంతా ఊరికి బయల్దేరి వీధి చివరిదాకా వెళ్ళాక, కుళాయి కట్టారా లేదా చూసి రమ్మని వెనక్కి పంపేది ఆమెనే. తొమ్మిదేళ్ళ పిల్ల తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి ఒంటరిగా వెళ్ళి, కట్టేసి ఉన్న కుళాయిని మళ్ళీ బిగించి వచ్చేది. అందరూ నవ్వేవారు. కానీ మళ్ళీసారి కూడా తననే పంపేవారు. పెళ్ళయ్యాక పిల్లలు కలగలేదు. కలగలేదని ఏడ్చిన రోజుల్లోనే, కలిగి ఉంటే ఎంత భయపడాల్సి వచ్చేదో అన్న ఊరట కూడా లోపల ఎక్కడో ఉండేది. ఆ ఊరట సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ గదిలోకి వచ్చాకే ఆ భయానికి ఒక చోటు దొరికింది. చేరిన మూడో ఏడు, ఒక చుక్కల మందు లేబులు అచ్చవుతుండగా, ఎందుకో మనసొప్పక లేచివెళ్ళి యంత్రం ఆపించింది. సున్నాకీ అయిదుకీ మధ్య ఉండాల్సిన చుక్క ప్లేటు మీద దుమ్ముపడి ఎగిరిపోయింది. అరపాలు మందు అయిదుపాళ్ళయి కూర్చుంది. అప్పటి పెద్దయజమాని ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసి, “అమ్మా, నేను జీతమిచ్చేది నీ భయానికే అనుకో,” అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీసింది.

లేబుళ్ళు గీసే ఆ సాఫ్ట్‌వేరును కొన్నది కూడా పెద్దయజమానే. అట్టపెట్టెలో డిస్కు, వెనక అంకెల వరస. ఒకసారి కొంటే ఇక ఎప్పటికీ సొంతం. పదకొండు రోజుల కిందట ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటో తారీకు నుంచి అమ్మకాలు ఉండవు, ఏడాదికింత చందా కట్టి వాడుకోవడమే. పాతది ఇప్పుడున్న కంప్యూటరులో ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ఆ కంప్యూటరు పోతే మరోదాంట్లో ఎక్కదు.

ఫోన్‌లో డిజైనర్ల గ్రూపు ఉంది. ఆ రోజంతా అది తేనెతుట్టె కదిపినట్టు మోగింది. “సొంతిల్లనుకున్నాం, అద్దెకున్నామట!” అని విజిటింగ్ కార్డులాయన. “రేపు పెన్సిలు చెక్కినందుకు కూడా చందా అడుగుతారు,” అని ఒకరు. “అడిగితే కడతాంలెండి, మనకి రోషం ఎక్కడేడిచింది,” అని ఇంకొకరు. ఆమె ఎప్పుడూ అందులో ఏమీ రాయదు, చదువుతుందంతే. వాటన్నిటి మధ్యా ఫ్లెక్సీ బ్యానర్లాయన రాసిన రెండు వాక్యాల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది: “ఒక్క ఏడు చందా ఆపితే మన ఫైలు మనకే తెరుచుకోదు. ఇప్పుడే అన్నీ కర్వులు చేసి మామూలు ఫైళ్ళుగా దాచుకోండి.”

కర్వులు చేయడం ఆమెకు కొత్త కాదు. తెర మీద అక్షరం అక్షరంగా ఉన్నంతవరకూ దాన్ని చెరపొచ్చు, మార్చొచ్చు. ప్లేటు చేసేవాళ్ళకు పంపేముందు మాత్రం అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయాలి. అప్పుడు అది రాత కాదు, రాతలా కనిపించే బొమ్మ. ఎక్కడ తెరిచినా చెదరదు. కాకపోతే దాన్ని మళ్ళీ దిద్దలేం. అందుకే ఆ పని ఎప్పుడూ నకలు మీద చేస్తారు, అసలు జోలికి పోరు.

పెద్దయజమాని కొడుకే ఇప్పటి యజమాని; చందా కట్టడానికే ఒప్పుకున్నాడు. రేపు రిపేరు మనిషి కొత్త కంప్యూటరు తెచ్చి, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కిస్తాడు. ఆమెకు మాత్రం ఆ రెండు వాక్యాలు చెవిలో జోరీగలా మిగిలిపోయాయి. రోజూ పని అయ్యాక గంటసేపు కూర్చుని ఒక్కొక్క లేబులే తెరిచింది, కర్వులు చేసింది, వేరే పేరుతో దాచింది, మూసేసింది. రోజూ లేచే ముందు, అసలు ఫైళ్ళకు తోడుగా సొరుగులో ఉంచుకునే పాత డిస్కులోకి కూడా వాటి నకలు ఎక్కించింది. ఆరువందల పైచిలుకు లేబుళ్ళు. నిన్న సాయంత్రానికి పూర్తయ్యాయి. పదకొండు రోజుల్లో మొదటిసారి నిన్న రాత్రి కంటినిండా నిద్రపోయింది.

పదిన్నరకు మందుల కంపెనీ గుమాస్తా ఫోన్ చేశాడు.

“మేడమ్, పిల్లల సిరప్పులు పద్నాలుగున్నాయి కదా, నిల్వ ముప్ఫై డిగ్రీలని ఉంది. ఇరవై అయిదు చెయ్యాలి. సాయంత్రానికి కావాలి.”

“అన్నిటికీనా?”

“అన్నిటికీ. ఒక్క అంకేగా మేడమ్, మీకెంతలో పని!”

మొదటి లేబులు తెరిచింది. ముప్ఫై మీద నొక్కింది. అంకెల మధ్య మినుకుమంటూ నిలబడాల్సిన సన్నని గీత రాలేదు. మళ్ళీ నొక్కింది. మూడు చుట్టూ చిన్న చిన్న నల్లచుక్కలు లేచాయి, చీమలు మూగినట్టు. అది మూడు కాదు. మూడు ఆకారంలో ఉన్న గీత.

నకలు తెరిచానేమో అనుకుంది. పేరు చూసింది. అసలే. రెండోది తెరిచింది, మూడోది తెరిచింది. బల్ల సొరుగులోంచి పాత డిస్కు తీసి తగిలించి అందులోవి తెరిచింది. అవీ గీతలే. చూపుకి ఏ తేడా లేదు. అదే నలుపు, అదే సైజు, అదే పొందిక. రోజుకు వందసార్లు చూసినా తెలిసే తేడా కాదది. నొక్కినప్పుడే తెలుస్తుంది.

కీబోర్డు మూలన ఎడమచేతి వేళ్ళు వంగి సేవ్ నొక్కాయి. ఆమె వాటిని పరాయివాళ్ళ వేళ్ళను చూసినట్టు చూసింది. అర్థమైంది. కర్వులు చేసిన వెంటనే, వేరే పేరు పెట్టేలోపే, ఆ రెండు వేళ్ళూ తమ పని తాము చేసేశాయి. ఆరువందలసార్లు. ఏమీ పోకూడదని పెట్టుకున్న అలవాటే అన్నిటినీ పోగొట్టింది. పైగా భద్రంగా ఉండాలని సాయంత్రం సాయంత్రం ఆ గీతల్నే మోసుకెళ్ళి పాత డిస్కులోని అక్షరాల మీద పోసింది.

అరవాలో, లేచి నిలబడాలో తెలియలేదు. మాస్టారు ఎదురుగా ఎర్రపెన్సిలు చెక్కుకుంటున్నారు. అద్దాల గదిలో యజమాని ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఎవరికీ తెలియకపోవడమే మరింత భయంగా ఉంది, మంట అంటుకున్న ఇంట్లో తను తప్ప అందరూ నిద్రపోతున్నట్టు.

“ఏమ్మాయ్, అలా పాలిపోయావేం?”

“ఏం లేదండీ. ఎండలో నడిచొచ్చాను.”

“బయట మబ్బేసింది కదమ్మా!”

ఆమె తెర వైపు తిరిగింది. పద్నాలుగు లేబుళ్ళు. ముందు ఇవి దాటాలి. తక్కినవి తర్వాత. టైపు చేద్దామంటే లేబులుకి నాలుగువందల మాటలు, ప్రతి మాటా కొత్తగా తప్పు పోవడానికి ఒక సందు. అందుకని పాత ప్రెస్సువాళ్ళు చేసే పని చేసింది. అక్షరాలు అరువు తెచ్చుకోవడం. సీసా కొలత దగ్గర ‘120 మి.లీ.’ అని ఉంది. అందులోంచి రెండును నకలు తీసింది. ‘5 మి.లీ. చెంచా’ దగ్గర నుంచి అయిదును తీసింది. మూడునీ సున్నానీ కోసి పక్కన పడేసి, ఆ ఖాళీలో ఈ రెండిటినీ దించింది. వెంట్రుకవాసి ఎడమకి జరిపింది. పాదాలు ఒక వరసలో ఉన్నాయో లేదో సన్నగీత లాగి చూసింది. ఇరవై అయిదు. అతికినట్టు లేదు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

భోజనానికి లేవలేదు. రెండోది, మూడోది, నాలుగోది. ఎవరైనా లోపలికి వస్తే కోసిన అంకెల్ని తెర అంచుకి నెట్టేసేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. కళ్ళు తెర మీద ఉన్నాయి గానీ చెవులు అద్దాలగది వైపే ఉన్నాయి. మూడున్నరకు పద్నాలుగూ అయ్యాయి.

తర్వాతది చదువు. ఈ గదికి అదొక పద్ధతి. మాస్టారు కంపెనీవాళ్ళ కాగితం పట్టుకుని పైకి చదువుతారు. ఆమె అచ్చుకాగితం మీద వేలు పెట్టి వెంట వస్తుంది. చుక్కలూ కామాలూ కూడా పైకి చదవాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు అది ఏదో పిచ్చి పాటలా వినిపిస్తుంది.

“పిల్లలకు అందకుండా ఉంచాలి చుక్క. ఇరవై అయిదు డిగ్రీలకు మించని చోట కామా వెలుతురు తగలకుండా నిల్వ చేయాలి చుక్క.”

“ఊఁ.”

“వాడేముందు బాగా కదపాలి చుక్క. మమ్మల్నీ ఎవరైనా వాడేముందు ఇలా కదిపితే బావుణ్ణు కామా…”

“మాస్టారూ.”

“సరే సరే, అది లేబులు మీద లేదులే.”

ఎనిమిది లేబుళ్ళు అయ్యాయి. తొమ్మిదోది అందుకున్నారు. ఆమె వేలు వరస వెంట జారుతోంది. అద్దాలగది తలుపు తెరుచుకుంది. యజమాని బయటికొచ్చి ఎవర్నో పిలిచాడు, మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

“ముప్ఫై కిలోల బరువు దాటిన పిల్లలకు బ్రాకెట్టు రెండు చెంచాలు బ్రాకెట్టు పూటకొకసారి చుక్క.”

“ఊఁ.”

మాస్టారు ఆగారు. ఆయనకు ఎందుకు అనుమానం వచ్చిందో ఆయనకే తెలియదు. కళ్ళజోడు నుదుటికి నెట్టి, చెయ్యి చాచి, ఆమె ముందున్న కాగితాన్ని తనవైపు తిప్పుకున్నారు.

“అమ్మాయ్.”

ఆమె చూసింది. ‘25 కిలోల బరువు దాటిన పిల్లలకు (రెండు చెంచాలు)’. నాలుగు వరసల కింద, నిల్వ దగ్గర, ముప్ఫై ముప్ఫైగానే ఉంది. ముప్ఫై అని కనబడ్డ చోట కోసి అతికించింది, అంతే. ఆమె కళ్ళ ముందు ఇరవై ఆరు కిలోల పిల్ల ఎవరో ఎక్కడో నోరు తెరిచింది. తల్లి సీసా మీది రాత చదివి చెంచా నింపింది. రెండోసారి కూడా నింపింది.

“పోన్లే,” అన్నారు మాస్టారు. “దొరికింది కదా.”

ఆమె వేలు ఇంకా ఆ వరస మీదే ఉంది. తప్పు చేసినందుకు కాదు ఆమె భయం. తప్పులు చెయ్యిజారి పోతాయి, అందుకే కదా మళ్ళీ చూడటం. వేలు ఆ అంకె మీదుగా జారినప్పుడు, ఊఁ అన్నప్పుడు, తన లోపల ఏమీ కదల్లేదు. ఇరవై రెండేళ్ళుగా తప్పు దగ్గరికి రాగానే కడుపులో చిన్నగా ముడిపడేదేదో ఈసారి పడలేదు. ఆమె దాన్ని వెతుక్కుంది. అది అద్దాలగది దగ్గర కాపలా కాస్తోంది. అంతకుముందు పదకొండు రోజులుగా బల్ల కింద పెట్టె దగ్గర కూర్చుని ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క దీపాన్నీ పట్టుకుని ఆమె దొడ్డివైపు తిరుగుతుంటే ముందుగది చీకటైపోయింది. పైగా పిల్లలు పడుకున్నది ఆ ముందుగదిలోనే.

“మాస్టారూ, ఈ పదకొండు రోజుల్లో మనం పంపినవి ఎన్నుంటాయి?”

“ఓ పదిహేడు. ఏం?”

“ఇప్పుడు చదవాలి.”

“ఇప్పుడా? అవి దుకాణాల్లోకి పోయుంటాయమ్మా.”

“అందుకే.”

ముందు పద్నాలుగూ సరిచేసి, రెండుసార్లు చదివించుకుని, యంత్రాల హాలుకి పంపింది. తర్వాత ఆ పదిహేడింటి అచ్చుకాగితాలూ బీరువాలోంచి దించింది. గంటన్నర పట్టింది. మాస్టారు హాస్యాలు మానేశారు. ఒక్కొక్క చుక్క దగ్గరా ఆమె వేలు ఆపి చూసింది. పదిహేడులోనూ ఒక్క తప్పూ లేదు.

“చూశావా? అనవసరంగా హడలిపోయావు,” అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

ఆమె తల ఊపింది. తప్పు లేదు. కానీ అది లేకుండా చేసింది తను కాదు. ఆ పదిహేడింటిని చూసినట్టే ఆమెకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఫ్యాను చప్పుడు.

లేచి అద్దాలగదిలోకి వెళ్ళింది. నిలబడే చెప్పింది. ఆరువందలూ గీతలైపోయాయని, పాత డిస్కులోవి కూడా పోయాయని, తొమ్మిదో లేబులు సంగతీ. తండ్రిలా ఆలోచించి మాట్లాడే రకం కాని యజమాని, ఈసారి చేతిలోని ఫోను బల్ల మీద బోర్లించాడు. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది.

“కూర్చో అక్కా ముందు. ఆరువందలంటే… సరే, మళ్ళీ టైపు చేయిద్దాం. ఇద్దర్ని పెడదాం. ఎలాగూ కొత్త సాఫ్ట్‌వేరు, అన్నీ కొత్తగానే ఉంటాయి. దానికింత ఇదవుతావేం?”

“టైపు చేయొచ్చు బాబూ.”

“ఇంకేం మరి? ఆ లేబులు కూడా దొరికింది కదా.”

“మాస్టారికి దొరికింది. నాకు దొరకలేదు.”

“ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి!”

“మనకు తెలిసింది ఒక్కసారి.”

ఆమె మొహంలో ఏడుపు లేదు. ఖాళీ ఇంట్లో కుళాయి చూసి రావడానికి వెళ్ళినవాళ్ళు కుళాయిని పోల్చుకోలేక నిలబడిపోతే ఎలా ఉంటారో అలా ఉంది.

“నేనిక చూడలేను బాబూ. చూస్తున్నాననుకుని మీరుంటారు. అది ఇంకా ప్రమాదం.”

“రేపు మాట్లాడుకుందాం. పొద్దున రా, చల్లగా మాట్లాడుకుందాం.”

ఆమె కాదనలేదు. వెనకగదికి వచ్చి, సంచి భుజాన వేసుకుని, మాస్టారి బల్ల దగ్గర నిలబడింది.

“రేపు నా చోట ఎవరు కూర్చున్నా మీరు ఇలాగే చదవండి. చుక్కలు మింగకండి.”

“నువ్వెక్కడికి పోతావమ్మా?”

“వాళ్ళు ఊఁ అన్నా నమ్మకండి. కాగితం తిప్పుకుని చూడండి.”

ఆయన ఎర్రపెన్సిలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండగా ఆమె వెళ్ళిపోయింది. బయట చీకటి పడింది. ముసురు మొదలైంది. గొడుగు తెరవడం మర్చిపోయి, రోడ్డు దాటేచోట ఎటూ చూడకుండా దిగి, బస్సు హారను మీదకొచ్చాక గానీ ఆగలేదు. ఇంటికెళ్ళి, భర్త వచ్చేవరకూ దీపం వేయకుండా కూర్చుంది. “తాళం వేశావా?” అని అడిగాడాయన వేళాకోళంగా. ఆమె చాలాసేపు ఆలోచించి, “తెలీదు,” అంది. ఆ మాట విని ఆయన నవ్వు ఆగిపోయింది. తనే లేచి వెళ్ళి తలుపు చూసి వచ్చాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఒప్పుకున్న ప్రకారం రిపేరు మనిషి ఆమె వెళ్ళిన మర్నాటి పొద్దున్నే కొత్త కంప్యూటరు తెచ్చాడు. తీగలు బిగించడానికి బల్ల ముందుకి లాగితే, తెర వెనక నిలబెట్టి ఉన్నదేదో దొర్లి, అంచు దగ్గర ఆగింది. బొటనవేలంత కంటిచుక్కల సీసా. నిండుగా ఉంది. మూత తీసిన నెలరోజుల్లోగా వాడాలి అని చీమంత అచ్చు, దాని పక్కన మూత తీసిన తేదీ వేసుకోవడానికి చిన్న గడి, ఆ గడి దాటకుండా బాల్‌పెన్నుతో పొందికగా ఆమె రాసిన నిన్నటి తేదీ.